గిర్ర

బ్యాడ్జి మీద నన్ను తలకిందులు చేసిన్రు.
ఇంటిపేరు ఎనుకకు పోయింది, నేను ముందటికొచ్చిన:
రాజలింగం వడ్ల, కేబుల్ జాయింటర్, ఫుజైరా.
"నన్ను గూడ" అని తన బ్యాడ్జి తిప్పి చూపెట్టిండు
హంగరీ నుంచొచ్చిన ఇంజనీరు.
వాళ్ల దేశంల గూడ ఇంటిపేరే ముందటనట.
కెరెకెష్ జోంబోర్
ఈడికొచ్చినంక జోంబోర్ కెరెకెష్ అయిండు.

కెరెకెష్ అంటే ఏంది సార్, అన్న.
మాట దొరక్క బూటు కొసతోని ఇసుకల సున్న గీసిండు,
సున్న నడుమ ఆకులు గీసిండు.
బండి గిర్ర చేసేటోడు!
వడ్ల అంటే గదే గద సార్!
మా తాత తుమ్మకట్టెతోని పూటీలు చెక్కెటోడు.
ఆయన పోయినంక గూడ ఆ అంగీ
రెండు వానకాలాలు కట్టెవాసనే కొట్టింది.

మా ఇద్దరి నడుమ కేబుల్ డ్రమ్ము,
నా ఎత్తు చెక్క గిర్ర.
ఎద్దుల్లేవు, బండి లేదు,
నాలుగు కిలోమీటర్ల గాజుపోగు చుట్టుకోని
రోడ్డు పక్కన ఒక్కతే నిలబడ్డది.

ఆగస్టుల పగటిపూట ఎండల పని బందు.
రాత్రి పది దాటినంక టెంటు లోపల కూసుంట.
నీలం, నారింజ, పచ్చ, గోధుమ, బూడిద.
తోలు తీస్త, స్పిరిటుతోని తుడుస్త,
కొస సక్కగ కోసి మిషన్ల పండవెడ్త.
చిటుక్కుమని ఒక మెరుపు.
నష్టం: సున్న పాయింట్ సున్న రెండు.
ఇంత తక్కువ నష్టంతోని
మా రూముల ఒక్క చిట్టీ గూడ తీరలే.

జోంబోర్ సార్ కాగితం మీద నంబర్లు రాసుకుంట ముచ్చట పెడ్తడు.
రేడియో పుట్టక ముందట
బుడాపెస్టుల టెలిఫోన్లనే వార్తలు చదివేటోళ్లట.
చెవికో గొట్టం పెట్టుకోని
సరుకుల ధరలు, పొద్దుగూకితె పాటకచ్చేరి.
ఆయన చెల్లె బోర్బాలా
ఒక చిన్న ఊరి రేడియోల
పొద్దున్నే నది ఎత్తు చదివేదట,
తీసా నది, ఊరూరికీ, సెంటీమీటర్లల్ల.
ఓనరు మారిండు. ఓనరు ఓనరు మారిండు.
ఆ ఫ్రీక్వెన్సీల ఇప్పుడు నవ్వులు, పాటలు, పరుపుల అడ్వర్టైజుమెంట్లు.
చెల్లె కాల్ సెంటర్ల కూసోని
మీ డేటా అయిపోయిందని చెప్తున్నది.

మొన్న దిబ్బా దారిల జేసీబీ పంటికి
తొంభయ్యారు పోగులు తెగినయి.
తెల్లారగట్ల నాలుగున్నరకు తొంభయ్యారోది కలిసింది.
అక్కడ రెండున్నర, చెల్లె నైట్ షిఫ్టు.
సార్ ఫోన్ స్పీకర్ల పెట్టి ఏమో అడిగిండు.
గొంతు సవరించుకున్నది.
తోకాయ్... సోల్నోక్... చోంగ్రాద్... సెగెద్...
ఊరి పేరు, ఒక నంబరు, ఒక ఊపిరి.
ఎవ్వలు చదవమనకున్నా
రోజు నోటుబుక్కుల రాసుకుంటదట.

సోల్నోక్‌ల మైనస్ రెండు వందల పదిహేడు, అన్నడు సార్.
నది సున్న కిందికి ఎట్ల పోతది?
సున్న పెట్టిననాడు
ఇంతగనం ఎండుతదని ఎవ్వలు అనుకోలే రాజా.

నువ్వు చదువు, అని ఫోన్ నాదిక్కు జరిపిండు.
మెట్‌పల్లి గ్రూపుల పేపరు ఫోటో పొద్దుగల్లనే వడ్తది.
ఆ చిన్న డబ్బా వెతికి పెద్దగ చేసి చదివిన:
పోచంపాడు, వెయ్యి డెబ్బయెనిమిది అడుగులు,
ఇన్‌ఫ్లో మూడు వేల క్యూసెక్కులు.
తెలుగులనే చదివిన.
అవుతలి దిక్కు పెన్ను గీరిన సప్పుడు.

ఈ వారం జాకెట్ల మీద కొత్త స్టిక్కరు,
కంపెనీ పేరు మూడోసారి మారింది.
పాతది గోకంగ కింద ఇంకో పాతది తేలింది.
ఖాళీ డ్రమ్మును ఇద్దరం దొర్లించుకుంట తెస్తున్నం.
పలకలే గాని లోపల ఒక్క ఆకు లేదు,
మా తాత చూస్తే దీన్ని గిర్ర అననే అనడు.
అయినా దొర్లుతున్నది,
కొద్దిగ ఎడమదిక్కు గుంజుకుంట.